మడచెట్టునకు ప్రతినిధి కలదా?

యాగము తలపెట్టి దీక్ష వహించిన యజమానికి సోమలత దొరకకపోయినచో, లేక దొరికిన సోమమును దొంగలు అపహరించినచో, ఆ యాగము గతి ఏమి కావలెను అను ప్రశ్నను మన పూర్వులు మిక్కిలి గంభీరముగా విచారించిరి. దొరకలేదని మానివేయుట దోషము. చేతికి అందినదానితో తోచినట్లు కానిచ్చుట అంతకంటెను దోషము. అందుచేత సోమమునకు బదులు పూతికను పిండవచ్చునని శ్రుతి అనుమతించినది. వ్రీహులు లభింపనిచో వానిని పోలిన నీవారములను గ్రహింపవచ్చునని మీమాంసకులు నిర్ణయించిరి. ఇట్లు బదులుగా వచ్చిన ద్రవ్యమునకు ప్రతినిధి అని పేరు. జైమిని తన సూత్రములలో ఆరవ అధ్యాయపు మూడవ పాదమున ఈ విచారమును విస్తరించి, ద్రవ్యమునకు ప్రతినిధి ఉండవచ్చును గాని దేవతకు లేదనియు, అగ్నికి లేదనియు, మంత్రమునకును క్రియకును లేదనియు హద్దు గీచినాడు. యజమానికిని ప్రతినిధి లేడు. ఏలయనగా యాగఫలమును అనుభవింపవలసినవాడు అతడే. పలువురు యజమానులు కూడి చేయు సత్రముల మాట వేరు. దాని జోలికి ఇప్పుడు పోనక్కరలేదు.

యజ్ఞవాటికలలో అగ్నులు చల్లారి ఎన్నో తరములైన ఈ కాలమున ఈ శుష్కచర్చ ఏల అని చదువరి విసుగుకొనవచ్చును. కాని 2019 జనవరి 18వ తేదీన కేంద్రప్రభుత్వము వెలువరించిన తీరప్రాంత నియంత్రణ ప్రకటనను చదివినవారికి ఇది శుష్కముగా తోచదు. దేశరక్షణకో ప్రజోపయోగమునకో తప్పనిసరియై మడ అడవి గుండ రోడ్డు వేయవలసివచ్చినచో, అందువలన చెడిన మడకు కనీసము మూడురెట్ల విస్తీర్ణమున వేరొకచోట మడను నాటవలెనని అందులో ఒక నిబంధన కలదు. అడవుల విషయమున 1980 నాటి అటవీ సంరక్షణ చట్టము వచ్చిన తరువాత ఇట్టి పరిహారవనములు పెంచుట మనకు అలవాటైన పద్ధతియే. ఈ శాసనములు వ్రాసినవారికి జైమిని స్ఫురించి ఉండడు. అయినను వారు కల్పించినది అచ్చముగా ప్రతినిధివిధియే. ఒకచోట కొట్టిన చెట్టునకు మరియొకచోట నాటిన చెట్టు బదులగునని వారు నమ్మిరి, మూడింతలు నాటినచో ఋణము తీరినట్లేయని లెక్క కట్టిరి. ఆ నమ్మకము ధర్మమునకు నిలుచునా అనునదియే నా ప్రశ్న.

ఈ ప్రశ్న పుట్టుటకు ముత్తుకూరుకంటె తగిన తావు అరుదు. నెల్లూరునకు ఆగ్నేయముగా, కండలేరు సముద్రమున కలియు కృష్ణపట్నమును తన మండలములో ఇముడ్చుకొన్న ఈ ఊరి చుట్టును, ఒకవైపు 2008లో పనిచేయనారంభించిన ఓడరేవును, ఒకవైపు నేలటూరు వద్ద దామోదరం సంజీవయ్య పేరిట వెలసిన తాపవిద్యుత్కేంద్రమును, నడుమ ఉప్పు కొటార్లును, వాని ప్రక్కనే రొయ్యల గుంటలును, 1876–78 నాటి ధాతుకరవులో ఆకలిగొన్న కూలీల చేత త్రవ్వించి పెంచిన బకింగ్‌హాము కాలువయు, మత్స్యశాస్త్రము నేర్పుటకై 1991లో ఏర్పడిన కళాశాలయు ఒకదానినొకటి ఒరసికొని ఉన్నవి. వీని అన్నిటి సందున, ఉప్పుటేటి అంచులను పట్టుకొని, అక్కడక్కడ తెగుచు, అక్కడక్కడ దట్టమగుచు, మడ మిగిలియున్నది. గోదావరి ముఖమున కోరంగివద్ద వలె ఇది మహారణ్యము కాదు. వంగదేశపు సుందరవనములతో పోల్చినచో ఈ తీరమున పోటు ఎత్తు మిక్కిలి స్వల్పము. ఆ స్వల్పమైన నీటి ఊపు ఎంతదూరము ప్రాకునో అంతవరకే మడకు రాజ్యము. 2021 నాటి అటవీ సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమంతట మడ విస్తీర్ణము 405 చదరపు కిలోమీటర్లు. అందులో అధికభాగము కృష్ణాగోదావరుల ముఖములందు ఉన్నదేగాని, నెల్లూరు తీరమునకు దక్కిన వంతు కొద్ది.

పాటు వేళ, అనగా నీరు వెనుకకు తీసినపుడు, ఈ ఏటి ఒడ్డునకు పోయి చూడవలెను. మోకాలిబంటి నల్లని బురద. ఆ బురదలోనుండి చెట్టు చుట్టును కొన్ని గజముల మేర, పలకబలపములను నిలువున గ్రుచ్చినట్లు, వేలకొలది వ్రేళ్ళ మొనలు ఆకాశమువైపు పొడుచుకొని ఉండును. ఆ మొనల నడుమ కన్నములు, కన్నములలో ఎండ్రకాయలు. ఒక యానాది ముదుసలి చివర కొక్కెము వంచిన ఇనుపకడ్డీని ఒక కన్నములోనికి ఏటవాలుగా జొనిపి, లోపలి కదలికను కడ్డీ మీదుగా వ్రేళ్ళతోనే వినుచున్నట్లు తల ప్రక్కకు వాల్చి కొంతసేపు ఊరకుండి, ఒక్క త్రిప్పున ఎండ్రకాయను వెలికిలాగి, దాని డెక్కలను బొటనవ్రేలితో నొక్కిపట్టి గడ్డిపరకతో బిగించి బుట్టలో వేసినది. నేను మడ ఆకు నొకదానిని త్రుంచి అడుగుప్రక్కను నాలుకకు తాకించి చూచుచుండగా ఆమె నవ్వినది.

“ఏంది సామీ, ఆకు నాకి చూస్తా ఉండారు?”

“ఉప్పగా ఉన్నదవ్వా.”

“ఉప్పు కక్కకపోతే ఎట్ట బతుకుద్ది? దాని బతుకే అంత. మంచినీళ్ల కాడ నాటితే సుకంగా ఎదుగుద్ది అనుకుంటారు, ఎదగదు. పోటు వచ్చి పోతా ఉండాల దానికి.”

వృక్షశాస్త్రజ్ఞులు చెప్పునది ఆమె మాటకు దూరము కాదు. ఈ తీరమున కానవచ్చు తెల్లమడ తన వ్రేళ్ళ వద్దనే సముద్రజలములోని ఉప్పును నూటికి తొంబదిపాళ్ళకు పైగా ఆపివేసి, తప్పించుకొని లోనికి వచ్చిన శేషమును ఆకులలోని సూక్ష్మగ్రంథుల గుండ వెలికి చెమర్చును. ఎండ తగిలినపుడు ఆకుపై మెరయు స్ఫటికములు అవే. ఉప్పు లేని నీటిలో పెంచినచో ఈ చెట్టు బొత్తుగా చావకపోవచ్చును గాని క్రుంగిపోవును. కొంత ఉప్పు కలిసిన నీటిలోనే దాని ఎదుగుదల నిండుగా ఉండును. పైగా మంచినేలపై త్వరగా పెరుగు ఇతరవృక్షముల నీడలో దానికి చోటు దొరకదు. తక్కిన చెట్లకు మరణమైనచోట దానికి జీవనము. ఇది దాని త్యాగమని కవులు వర్ణించినచో వర్ణింపవచ్చును. నాకు మాత్రము అది త్యాగముగా తోచదు. చేపకు నీట మునుగుట తపస్సు కానట్లే, మడకు ఉప్పు తపస్సు కాదు.

శాంతిపర్వమున మోక్షధర్మములలో భరద్వాజుడు చెట్లకు జీవము కలదా అని శంకింపగా, భృగువు ఒక్కొక్క ఇంద్రియమును ఎత్తి చూపి సమాధానము చెప్పినాడు: వేడికి పట్ట వాడును గనుక స్పర్శ కలదు; పిడుగుపాటు శబ్దమునకు పూవు కాయ రాలును గనుక వినికిడి కలదు; లత దారి వెదకికొని చుట్టుకొనును గనుక చూపు కలదు; ధూపగంధములకు తెగులు మాని పూయును గనుక ఘ్రాణము కలదు; పాదములతో నీరు త్రాగును గనుక రసన కలదు. భృగువు మడను చూచియుండిన ఆరవ సాక్ష్యమును కూడ చేర్చియుండెడివాడు. తక్కిన చెట్లు పాదములతో త్రాగుటయే గాని, ఇది పాదములతో ఊపిరి కూడ తీయును. ఆ మొనలపై ఉండు సన్నని రంధ్రములు పోటున మునిగినపుడు నీటిని లోనికి రానీయవు. మునిగినంతసేపు లోపలి ప్రాణవాయువు తరిగి పీడనము తగ్గును. పాటున నీరు దిగి మొనలు బయటపడగానే వెలిగాలి తనంత తాను లోనికి చొచ్చును. దినమునకు రెండుమారులు సముద్రమే దానిచేత కుంభకము పట్టించి, సముద్రమే పూరకము చేయించును. ఊపిరి దానిదా, సముద్రముదా అని ఎవరైన అడిగినచో విభజించి చెప్పుట కష్టము.

ఈ చెట్టు గణమునకు 1753లో లిన్నేయసు పెట్టిన పేరు అవిసెన్నియా. బుఖారా సమీపమున 980లో పుట్టి 1037లో హమదానున కన్నుమూసిన ఇబ్న్ సీనా పేరిట, అనగా మన యునానీ హకీములు నేటికిని తలచుకొను ఆ వైద్యుని పేరిట, ఈ బురదచెట్టు లోకమున చలామణి అగుచున్నది. తెల్లమడ జాతిని ఎఱ్ఱసముద్రతీరమున పరిశీలించి వర్ణించిన ఫోర్స్‌కాలు 1763లో యెమెన్ దేశమున జ్వరమునకు బలియై, తన గ్రంథము అచ్చగుట చూడనే లేదు. ఇబ్న్ సీనాయు ఒక సంస్థానమునుండి మరియొక సంస్థానమునకు పారుచు, ఒకచోట మంత్రియై, ఒకచోట ఖైదియై, నిలకడ లేని జీవితమును గడపినవాడు. పేరునకు కారణమైనవారు ఇరువురును దేశాంతరగతులు. పేరు పొందినది అడుగు కదలనిది.

అంతకంటె విచిత్రమైనది మరియొకటి కలదు. తన మహాగ్రంథమైన షిఫాలో, ఆత్మను గూర్చిన భాగమున, ఇబ్న్ సీనా ఒక మనుష్యుని ఊహింపుమనినాడు. వాడు ఒక్క క్షణమున పూర్ణవయస్కుడుగా సృష్టింపబడి, శూన్యమున వ్రేలాడుచుండును, కన్నులకు తెర, గాలి సైతము తాకదు, ఒక అవయవము మరియొకదానికి తగులదు. ఏ స్పర్శయు ఏ దృశ్యమును లేని ఆ స్థితిలో వాడు తన చేతులు కాళ్ళు ఉన్నవని చెప్పజాలడు గాని, తాను ఉన్నానని మాత్రము నిస్సందేహముగా ఎరుగును. కావున “నేను” అనునది దేహము కాదు, దేహమున్న తావు అంతకన్నను కాదు. ఈ వాదము వినినంతనే మన వేదాంతి తల ఊపును. పంచకోశములను ఒక్కొక్కటిగా తొలగించి సాక్షిని నిలుపు మన పద్ధతికిని దీనికిని చుట్టరికము స్పష్టము. గీత పండ్రెండవ అధ్యాయము భగవంతునకు ప్రియమైన భక్తుని లక్షణములు చెప్పుచు అతడు అనికేతుడనినది. పరివ్రాజకునకు ఒకచోట ఎక్కువదినములు నిలుచుట తగదు.

ఇట్టి మహావాదమును ప్రతిపాదించినవాని పేరు, తావు తప్పించినచో తానే లేని ఈ చెట్టునకు అంటుకొనుట విధివిలాసమనవలెను. శూన్యమున వ్రేలాడు మనుష్యుని ఊహించుట సులభమో కష్టమో గాని, శూన్యమున వ్రేలాడు మడచెట్టును ఊహించుట అసంభవము. ఉప్పును తీసివేసినచో దాని గ్రంథులకు అర్థము లేదు. పోటుపాటులను తీసివేసినచో దాని ఊర్ధ్వమూలములకు అర్థము లేదు. బురదను తీసివేసినచో మిగులునది వంటచెరకు. చెట్టునకు ఆత్మ లేదని దీనివలన తేలదు. ఛాందోగ్యమున ఉద్దాలకుడు శ్వేతకేతువునకు మహావృక్షమును చూపి, జీవుడు విడిచిన కొమ్మ ఎండును, చెట్టంతటిని విడిచినచో చెట్టంతయు ఎండును అని బోధించినాడు గదా. జీవుడు కొమ్మను విడుచుట మనకు కనబడదు. పోటు ఏటిని విడుచుట కనబడును. గట్టు పోసి పోటును అడ్డగించిన చోట మడ ఎండుట నెల్లూరు తీరమున ఎవడైనను పోయి చూడవచ్చును.

అనికేతుడగుట నేర్చుకొనవలసినది నికేతనమున్న మనుష్యుడు మాత్రమే. సన్న్యాసి ఇల్లు విడుచుటలో గొప్పతనము, అతడు విడువజాలినవాడగుటచేత వచ్చినది. విడువజాలనిదానికి ఆ ధర్మమును ఉపదేశించి, “నీవు ఎక్కడనైనను పెరుగవచ్చును, మరియొకచోటికి పొమ్ము” అనుట వేదాంతము కాదు. వేదాంతపు మాటలతో చేయు దబాయింపు.

మన దేవాలయకర్తలు ఈ సంగతి ఎరిగియే స్థలవృక్షమను భావనను పెంపొందించిరి. కంచి ఏకామ్రనాథునకు మామిడి, జంబుకేశ్వరమున నేరేడు. స్వామి ఆ చెట్టుక్రింద వెలసెను గనుక ఆ తావు క్షేత్రమైనది, ఆ తావున నిలిచెను గనుక ఆ చెట్టు పూజ్యమైనది. ఈ వరుసలో మనకు పనికివచ్చునది చిదంబరము. నటరాజు ఆడిన అరణ్యము తిల్లవనము. ఆ తిల్ల మడకు తోడబుట్టువు వంటిది, ఉప్పుటేటి బురదలో పెరుగునది, పాలు కంట బడినచో చూపు పోగొట్టునది. నేడు ఆ చెట్టు అడవిగా కనబడవలెనన్నచో ఊరు విడిచి సముద్రమువైపు పిచ్చావరపు మడలలోనికి పోవలెను. గుడియొక్క చెట్టు అడవిలోను, అడవియొక్క దేవుడు ఊరిలోను ఉన్నారు. భక్తులకు దీనివలన ఏ లోటును తోచినట్లు లేదు. స్థలవృక్షము లేకయే స్థలము నిలుచునని వాదించువానికి ఇది దృష్టాంతము కాగలదని నేను ఒప్పుకొందును. కాని అచ్చట నిలిచినది రాతిగుడి, నిత్యము అర్చించు దీక్షితుల పరంపర. ఏటి ఒడ్డున మడ పోయినచో దాని స్థానమున అర్చన సాగించుటకు ఎవరున్నారు?

మన ప్రాంతముననే సూళ్ళూరుపేటలో, 2022 వరకు నెల్లూరు జిల్లాలోనిదే, చెంగాళమ్మ గుడికి తలుపులు లేవు. తలుపులు చేయింపబోగా అమ్మవారు స్వప్నమున వలదనినదనియు, గుడి వెనుక పారవేసిన తలుపుచెక్క చిగిర్చి చెట్టైనదనియు జనులు చెప్పుదురు. కోసి, చెక్కి, పలకచేసి, పూర్తిగా ద్రవ్యముగా మార్చినది మరల వృక్షమగుట ఆ కథలోని సారము. చెట్టును మనము ఎంత ద్రవ్యముగా మార్చినను దానిలో ద్రవ్యము కానిది ఏదియో మిగిలియుండునని గ్రామీణులు కథగా చెప్పిరి. దానినే మీమాంసకులు విధిగా చెప్పిరి. మీమాంసకుల మతమున దేవత అనగా నాలుగుచేతుల విగ్రహము కాదు. ఎవరిని ఉద్దేశించి ద్రవ్యము విడువబడునో అదియే దేవత. ఆ నిర్వచనము ననుసరించి చూచినచో మడచెట్టు తన ఉప్పును, ఊపిరిని, ఆకును, విత్తును దేనిని ఉద్దేశించి విడుచుచున్నది? ఆ ఏటి మలుపును, ఆ మలుపులోని బురదను, ఆ బురదను రోజునకు రెండుమారులు తడుపు పోటును. రాలిన ఆకు అచ్చటనే కుళ్ళి అచ్చటి రొయ్యపిల్లకును చేపపిల్లకును ఆహారమగును. వ్రేళ్ళ నడుమ ఒండ్రు నిలిచి అచ్చటి నేల పెరుగును. కావున నా నిర్ణయమున స్థలమే దేవత, చెట్టు ద్రవ్యము. మడచెట్టునకు ప్రతినిధి ఉండవచ్చును. మడ పెరిగిన నేలకు ఉండదు. ఒక తెల్లమడ పడినచో అచ్చటనే మరియొక తెల్లమడయో ఉప్పుపొన్నయో లేచినచో శాస్త్రము ఒప్పుకొనును. నేటి నిబంధన దీనిని సరిగా తలక్రిందులు చేసినది: చెట్టును మడగానే ఉంచి, నేలను మార్చుటకు అనుమతించినది. ద్రవ్యమును కాపాడి దేవతను మార్చినది.

ఇది కేవలము శబ్దవాదము కాదని చూపుటకు ప్రత్యక్షసాక్ష్యము కలదు. మడ విత్తు చెట్టున ఉండగనే కాయలోపల మొలకెత్తి, రాలి, తేలి, పైపొరను విడిచి బురదపై ఆగును. ఆగినంతనే నాటుకొనదు. కొన్నిదినములపాటు పోటు దానిని ఎత్తుకొనిపోకుండ ఉండవలెను. ఆ వ్యవధిలో వేరు దిగినచో బ్రతుకును, లేనిచో మరల ప్రవాహము పాలు. ఎంత ఎత్తున ఉన్న బురదకు ఆ వ్యవధి దొరకునో ఏటికి తెలియును, కాంట్రాక్టరునకు తెలియదు. ఫిలిప్పీన్సు ద్వీపములలో ఇట్టి విచారము లేక, మడ ఎన్నడును పెరుగని లోతుబురదలలో లక్షలకొలది మొక్కలు నాటగా వానిలో బ్రతికినవి నూటికి పదియో ఇరువదియో. దీనికి ప్రతిగా 1990ల చివర కృష్ణాగోదావరీ ముఖములందు స్వామినాథన్ పరిశోధనసంస్థయు అటవీశాఖయు గ్రామస్థులతో కూడి చేసిన పని చూడుడు. నరికివేతవలన నేల మధ్యలో పల్లమై, నిలిచిన నీరు ఎండి ఉప్పు పేరుకొని, చెట్టు మొలవని బీడులైన చోట, వారు మొదట మొక్కలు నాటలేదు. చేపముల్లు ఆకృతిలో ఒక పెద్దకాలువను, దానికి ఇరుప్రక్కల పిల్లకాలువలను త్రవ్వి పోటునకు దారి ఇచ్చిరి. నీరు వచ్చి పోయినది, ఉప్పు కడిగికొని పోయినది. ఆ పిమ్మట నాటినవి నిలిచినవి, నాటనివియు వచ్చినవి. దేవతను ఆవాహన చేసిరి, ద్రవ్యము సమకూడినది.

ఇట స్వదేశి పరదేశి వాదమును గూర్చి ఒక్కమాట చెప్పి ముందుకు పోవలెను. మడ నెల్లూరుది అనుటలో అర్థమేమి? ఈ జాతియే ఆఫ్రికా తూర్పుతీరమునుండి, ఎఱ్ఱసముద్రమునుండి న్యూజీలాండువరకు కలదు. దానికి దేశమనగా రాజ్యము కాదు, జిల్లా కాదు. పోటుపాటుల నడిమి నేల ఎచ్చటనున్న అదియే. పరదేశమునుండి వచ్చిన సరుగుడు ఇసుకదిబ్బలపై తోపులుగా పెరిగి ఎందరికో కూడు పెట్టుచున్నది. అమెరికా పసిఫిక్ తీరమునుండి 2009లో అనుమతి పొంది వచ్చిన వనామీ రొయ్య ఇప్పుడు ముత్తుకూరు గుంటలలో ఇంటి ఆడపడుచు వలె తిరుగుచున్నది. వచ్చినవారిపై నాకు ద్వేషము లేదు. కాని మడ పోయిన బీడున పరదేశపు ముండ్లకంపయైన చిల్లచెట్టు అల్లుకొన్నపుడు, పచ్చదనము వచ్చినది గదా అని తృప్తిపడువారితో నేను ఏకీభవింపజాలను. ప్రతినిధికి సాదృశ్యము కావలెను. మినుములు, ఆరికెలు ఎంత సులభముగా దొరికినను యజ్ఞమునకు తగవని నిషేధింపబడినవి గనుక వ్రీహులకు బదులు కానేరవు. చిల్లచెట్టు వ్రేళ్ళ నడుమ ఎండ్రకాయ కన్నము చేసికొనదు.

మడను మెచ్చుకొనువారు సామాన్యముగా దాని ఉపయోగములను ఏకరువు పెట్టుదురు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను, 2004 డిసెంబరు 26 నాటి సునామిని తలచుకొని, మడ ఉన్నచోట అలల ఉరవడి తగ్గునని చెప్పుదురు. నిజమే. కాని ఉపయోగమే దాని విలువ అయినచో, అలను ఆపు కాంక్రీటుగోడ దానికి చక్కని ప్రతినిధి కాగలదు. బొగ్గుపులుసు గాలిని పీల్చుటయే దాని పని అయినచో ఏ కొండపై నాటిన ఏ తోపైనను చాలును. ఉపయోగవాదముతో చెట్టును రక్షింపబూనినవారు తమకు తెలియకయే దానిని కేవలద్రవ్యముగా మార్చి ప్రత్యర్థికి అప్పగించుచున్నారు. ఇంకొక చిక్కు యజమానికి సంబంధించినది. ఈ ఏటిలో ఎండ్రకాయలు పట్టి బ్రతుకు యానాది కుటుంబమునకు నష్టము ఇచ్చట కలిగి, మూడింతల మడ మరియొక మండలమున లేచినచో, ఫలము అచ్చటివారిది. ఫలభోక్తకు ప్రతినిధి లేడని జైమిని చెప్పుటలోని లౌకికమైన న్యాయము ఇదియే. అయినను ఓడరేవు వలదు, విద్యుత్తు వలదు అని నేను చెప్పుటలేదు. ఈ వ్యాసము వ్రాయుచున్న దీపమునకు వెలుగు ఏ బొగ్గునుండి వచ్చుచున్నదో నాకు తెలియును. యాగమునకు సోమము దొరకని దినములు వచ్చునని పూర్వులు ఒప్పుకొనిరి, మనకును వచ్చును.

అట్టి దినము వచ్చినపుడు ఏమి చేయవలెనో శతపథబ్రాహ్మణము నాలుగవ కాండమున చెప్పినది. అపహరింపబడిన సోమమునకు బదులు పిండదగిన ఓషధులను ఒకదాని తరువాత ఒకటిగా పేర్కొని, చివరకు పచ్చని కుశదర్భలవరకు దిగి, అంతటితో ఊరకుండక మరియొక నియమము విధించినది: ప్రతినిధితో యాగము ముగించినవాడు ఋత్విజులకు ఒక్క గోవును మాత్రము ఇచ్చి, అవభృథస్నానము చేసి, మరల దీక్ష వహింపవలెను, పునర్యజ్ఞమే దానికి ప్రాయశ్చిత్తము. బదులు పెట్టుటతో కార్యము కడతేరినట్లు కాదు. మరునాటికిని ఋణము అట్లే మిగిలియుండును.

మన పరిహారవనముల లెక్కలలో ఈ రెండవ యాగము లేదు. మూడింతలు నాటి, ఛాయాచిత్రము తీసి, ఫైలు మూసివేయుదురు. ముత్తుకూరు వంటిచోట రెండవ యాగము ఏదియో ఊహించుట కష్టము కాదు. 1990లలో తెల్లమచ్చ తెగులు సోకి రొయ్యలు చచ్చిన పిమ్మట, 1996 డిసెంబరు 11న సుప్రీముకోర్టు తీరపు రొయ్యల పరిశ్రమపై తీర్పు చెప్పిన పిమ్మట, ఈ తీరమున విడిచిపెట్టిన గుంటలు ఎన్నో కలవు. వాని గట్లు నేటికిని పోటునకు అడ్డముగా నిలిచియే ఉన్నవి. ఒక గట్టునకు రెండుచోట్ల గండి కొట్టి, లోపలి పల్లమునకు చేపముల్లు కాలువ త్రవ్వినచో, విత్తనమును తెచ్చుటకు ఉప్పుటేరు చాలును. పని పెద్దది కాదు, ఖర్చు పెద్దది కాదు. ఆ భూమి ఎవరి పేరిట ఉన్నదో తేల్చుటయే పెద్దపని, దానికి రెవిన్యూవారును అటవీశాఖవారును ఒకచోట కూర్చుండవలెను. ఇక దానికి యజమాని ఎవరు కావలెనన్నచో, శ్రుతి ఆ విషయమున సందేహమునకు తావు ఇయ్యలేదు: మొదటి యాగమునకు దీక్ష వహించి ఫలము పొందినవాడే మరల దీక్ష వహింపవలెను, ఎండ్రకాయలు పట్టుకొను ముదుసలి కాదు.